ఉడుత దగ్గర ఆగిపోయాం

"అన్నా ఆగు, వెనక్కి తిప్పు!" అన్నాడు తమ్ముడు. అంత పెద్ద రాక్షస జంతువు ఊరిని తొక్కేస్తుంటే, సూపర్‌మ్యాన్ ఒక ఉడుతను పట్టుకుని పక్కకి చేర్చాడు. మూడుసార్లు చూశాం.

సూపర్‌హీరో సినిమాలు తీసే రెండు పెద్ద కంపెనీల్లో వాడు పక్కా మార్వెల్. నేను చిన్నప్పటి నుంచి సూపర్‌మ్యాన్ ఉండే డీసీ. 2019లో మార్వెల్ వాళ్ల ఎండ్‌గేమ్ చూసొచ్చిన రాత్రి వాడి ముందు నాకు మాట రాలేదు. 2017లో నిరాశపరిచిన మా డీసీ సినిమా జస్టిస్ లీగ్ గాయం అప్పటికింకా పచ్చిగానే ఉంది.

ఈ 2025 సూపర్‌మ్యాన్ తీసిన జేమ్స్ గన్, మార్వెల్‌లో గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ సినిమా మూడు భాగాలూ తీసినాయనే. అక్కడ రాకెట్ అనే రకూన్ కోసం తమ్ముడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇవాళ ఉడుత దగ్గర నా కళ్లు తడిశాయి. చిన్న ప్రాణి మీద అదే ప్రేమ.

"ఇది మా సినిమాలానే ఉందన్నా" అన్నాడు. కోపం రాలేదు, సంతోషమేసింది. రేపు గార్డియన్స్ మూడోది వాడి పక్కనే కూర్చుని చూస్తా.