ఉప్పుగాలికి నిలిచే మొక్కలు

విశాఖ సాగర్‌నగర్‌లో మా ఇంటి ముందే సముద్రం. చూడ్డానికి ఎంత బాగుంటుందో, మొక్కలకు అంత కష్టం. ఇంటి ముందు గులాబీ పెట్టినా, చామంతి పెట్టినా ముందు ఆకు అంచులు మాడేవి, తర్వాత ఆకంతా ఎండిపోయేది. నీళ్లు పోసినా, ఎరువు వేసినా అంతే.

అసలు సంగతి ఉప్పు. అలల తుంపర గాలితో పాటు వచ్చి ఆకు మీద పడుతుంది. నీరు ఆరిపోయాక మిగిలిన ఉప్పు ఆకులోని తేమను లాగేస్తుంది. గాలి బాగా వీచిన మర్నాడు ఆకును వేలితో తుడిచి నాలుకకు రాసుకుంటే ఉప్పగా తగులుతుంది. దీనికి తోడు మే నెలలో పడమటి గాలి వీచే రోజుల్లో ఎండ మామూలుగా ఉండదు. అక్టోబరు, నవంబరు వచ్చాయంటే తుఫాను టెన్షన్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక, కూలకుండా నిలబడ్డ చెట్లకు కూడా ఆకు మాడిపోయింది. పచ్చటి విశాఖ అలా మోడువారడం ఇక్కడివాళ్లం ఎవరం మర్చిపోలేం.

అందుకే నర్సరీకి వెళ్లే ముందు రుషికొండ నుంచి భీమిలి వైపు రోడ్డు వెంట ఎవరూ నీళ్లు పోయకుండానే బతుకుతున్నవేవో చూసుకుంటూ వెళ్లాను. సరుగుడు, తాటి, జీడిమామిడి, మొగలి. సరుగుడుకి సన్నటి పుల్లల్లాంటి ఆకు, మిగతావాటికి దళసరి ఆకు. పలచటి మెత్తటి ఆకు ఒడ్డున దాదాపు కనిపించలేదు.

నర్సరీలో పెద్దాయన మొదట అడిగింది ఇదే. "సముద్రానికి ఎంత దూరం అమ్మా?" చెప్పగానే, నేను పట్టుకున్న గులాబీ కుండీ పక్కన పెట్టించి, పొన్న ఆకు ఒకటి తెంపి నా చేతికిచ్చారు. మందంగా, మైనం పూసినట్టు నున్నగా ఉంది. "ఉప్పు దీని మీద నిలవదమ్మా, వాన పడితే కడుక్కుపోతుంది. ముందు వరసలో ఇలాంటివే పెట్టండి."

గాలి తగిలే ప్రహరీ పక్కన పొన్న, గన్నేరు, కాగితంపూలు పెట్టాను. గన్నేరు గట్టిదే కానీ చెట్టంతా విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దనే చెబుతాను. వాటి వెనక దేవగన్నేరు, నందివర్ధనం. కుండీల్లో బిళ్లగన్నేరు, దానికసలు సేవే అక్కర్లేదు. మల్లె, మందారం, కరివేపాకు మాత్రం ఇంటి వెనక, గోడ చాటున. మల్లె లేకుండా వేసవి ఎలా గడుస్తుంది? గులాబీ ఆశ వదిలేశాను.

మట్టి సంగతీ చూసుకోవాలి. మా ఇసుకనేలలో నీళ్లు నిలవవు కాబట్టి గుంటల్లో ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపాను. కొబ్బరిపొట్టులో ఒక్కోసారి ఉప్పు ఉంటుంది, నానబెట్టి కడిగాకే వాడాలి. మా బోరు నీళ్లు కాస్త ఉప్పన, అందుకని కుళాయి నీళ్లే పోస్తున్నాను. గాలి గట్టిగా వీచిన మర్నాడు పొద్దున్నే ఆకుల మీద మంచినీళ్లు చల్లి కడుగుతాను.

ముందు వరస కాస్త ఎదిగేసరికి వెనకున్న నందివర్ధనానికి అంచులు మాడడం తగ్గింది. ఇక సెప్టెంబరులో కాగితంపూల గుబురు పలచగా కత్తిరించాలి, పొన్నకు కర్ర ఊతం కట్టాలి. తుఫాను కబురు వచ్చాక ఆ పని చేసే తీరిక ఎవరికీ ఉండదు.