కుండీలోని చింత కాసిన కాయ నుండి

నా దగ్గర 14 ఏళ్లుగా అరచేయి లోతు కుండీలో పెరుగుతున్న బోన్సాయ్ చింత ఒకటి ఉంది. మోకాలి ఎత్తు దాటని ఆ చెట్టు నాలుగేళ్ల క్రితం మొదటిసారి పూసింది. పసుపు రేకుల మీద ఎర్రని చారలున్న ఆ పూలలో చాలా వరకు రాలిపోయి, రెండు పిందెలు మాత్రం నిలిచాయి. బోన్సాయ్ పెంపకంలో ఆకు చిన్నదవుతుంది గాని కాయ అంతగా చిన్నది కాదు. అందువల్ల పుల్లంత కొమ్మ ఆ బరువుకు విరగకుండా ఒక పిందెను తుంచివేసి, రెండోదానికి దారంతో ఆసరా కట్టాను. చింతకాయ పండడానికి నెలల తరబడి సమయం పడుతుంది. పెంకు పెళుసుబారి, గోటితో మీటితే డొల్లగా మోగిన రోజున కోసి చూస్తే లోపల 5 పిక్కలు ఉన్నాయి.

చిన్న చెట్టు కాసిన పిక్క నుండి చిన్న చెట్టే వస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆ పిక్కలో ఉన్నది నేలలో నాటితే ఇంటిని మించి పెరిగే చింతమానే. దానిని చిన్నగా ఉంచేవి కుండీ, కత్తెర, వేళ్ల కోత మాత్రమే. కనుక బోన్సాయ్ విత్తనాలంటూ అమ్మే పొట్లాలలో ఉండేవి కూడా మామూలు చెట్ల విత్తనాలే.

చింతపిక్క తోలు ఎంత గట్టిదంటే, నీరు సులభంగా లోపలికి ఇంకదు. గుజ్జు పూర్తిగా కడిగి ఆరబెట్టిన తరువాత, మొలక వచ్చే కొనకు దూరంగా ఒక పక్కన గరుకు కాగితంతో రుద్దాను. నిగనిగలాడే ముదురు గోధుమరంగు తోలు అరిగి, లోపలి తెల్లని పప్పు సన్నని గీతలా కనబడగానే ఆపి, ఒక రోజంతా నీటిలో నానబెట్టాను. నాలుగు పిక్కలు ఉబ్బి మెత్తబడ్డాయి. ఐదవది రాయిలా అలాగే ఉండిపోతే మళ్లీ రుద్ది నానబెట్టవలసి వచ్చింది. ఇసుక, చివికిన ఎరువు సమంగా కలిపిన లోతైన కుండీలలో వేలి గణుపంత లోతున నాటి, వెచ్చని చోట ఉంచాను. తొమ్మిదో రోజున మొదటి మొలక మెడ వంచుకుని మట్టిని చీల్చుకుని వచ్చింది.

అక్కడే నేను తొందరపడ్డాను. ఒక మొలకకు పిక్క తోలు టోపీలా అతుక్కుని ఉంటే, సాయం చేస్తున్నాననుకుని గోటితో ఒలిచాను. దానితోపాటు రెండు పప్పుబద్దల నడుమ ఉన్న లేత మొగ్గ కూడా తెగి నా వేలికి అంటుకుని వచ్చింది. ఆ మొక్క ఇక పెరగలేదు. మరో మొలకకూ అలాగే జరిగినప్పుడు తడిపిన దూదిని తోలు మీద కప్పి వదిలేస్తే, మరునాటికి తోలు దానంతటదే జారిపోయింది. ఇంకొకటి తడి ఎక్కువై మొదలు కుళ్లి వాలిపోయింది. మిగిలినవి మూడు.

అసలు పరీక్ష తల్లివేరు దగ్గర ఎదురైంది. చింత మొలక పైకి పెరిగేకంటే ముందే నిటారుగా లోతుకు దిగుతుంది. నాలుగో నెలలో కుండీ నుండి తీసి చూస్తే, తల్లివేరు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంది. లోతు లేని కుండీలో బతకాలంటే ఆ వేరును కురచ చేసి, పక్కవేళ్లు అన్ని దిక్కులా పరచుకునేలా చేయాలి. మొదటి మొక్కకు పక్కవేళ్లు సరిగా లేకుండానే తల్లివేరును సగానికి పైగా కోశాను. పది రోజులలో ఆకులన్నీ రాల్చి ఎండిపోయింది. మిగతా రెండింటికి మూడో వంతు మాత్రమే తీసి, నీడలో పారదర్శకమైన కవరు కప్పి ఉంచాను. సాయంత్రం కాగానే రెక్కలు ముడుచుకోవడం చింతాకు స్వభావం. కోత తరువాత అవి పగలు కూడా ముడుచుకునే ఉండడంతో రోజూ బెంగగా చూసేదాన్ని. మూడో వారంలో ఒకనాటి ఉదయం అవి పూర్తిగా విచ్చుకుని కనిపించాయి. కొసన ఎర్రని చిగురు కూడా ఉంది.

ఇప్పుడు వాటికి మూడేళ్లు. ఇంకా లోతైన కుండీలలోనే, ఎండలో, స్వేచ్ఛగా పెరుగుతున్నాయి. ఆకు ఎంత ఎక్కువగా ఉంటే మొదలు అంత త్వరగా లావెక్కుతుంది. పళ్లెం లాంటి కుండీలోకి ముందే మార్చితే ఆ ఎదుగుదల అక్కడే మందగిస్తుంది. అందుకే ఒక్కోదానికి అడుగున ఒక పొడవాటి కొమ్మను, తరువాత తీసివేయడానికే, వదిలి ఉంచాను. చింత కలప ముదిరితే వంగదు కాబట్టి కాండం పచ్చగా ఉన్నప్పుడే అల్యూమినియం తీగ చుట్టి వంపు తిప్పాను. తీగ బెరడులోకి దిగకుండా వారం వారం చూసుకుంటూ, ఒరుసుకుంటున్నదని అనిపించగానే కత్తిరించి తీసేశాను. పెద్దదాని మొదలు ఇప్పుడు నా బొటనవేలంత ఉంది. వచ్చే చిగురు కాలంలో దానిని జానెడు ఎత్తున కోసి, తల్లిచెట్టు పక్కనే ఉంచుతాను.