పద్ధతి మార్చే పనికి డబ్బు ఎలా ఇవ్వాలి?

సొంతూళ్లో బడి గదులు కట్టించడానికి అమెరికా నుంచి డబ్బు పంపే తెలుగువాళ్లకు కొదవ లేదు. పేదవాడి కూలి డబ్బు ఎక్కడ ఆగింది, పోడు భూమికి పట్టా ఎందుకు రాలేదు అని నిలదీసి, ప్రభుత్వం పద్ధతి మార్చుకునేలా చేసే పనికి ఇచ్చేవాళ్లే తక్కువ. ఆ పనిలో దాత పేరు చెక్కడానికి గోడ ఉండదు. ఖర్చంతా మనుషుల మీదే.

సామాజిక తనిఖీనే తీసుకోండి. అంటే ఉపాధి హామీ పథకం లెక్కల్ని ఊళ్లో జనం ముందే సరిచూడటం. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), చేసిన పని కొలతల పుస్తకాల నకళ్లు తీసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. మస్టర్‌లో 12 రోజులు ఉంటే, కూలీని పక్కన కూర్చోబెట్టుకుని జాబ్ కార్డు, పాస్‌బుక్కు తిరగేస్తారు. తేడాలన్నీ గ్రామసభలో చదివి వినిపిస్తారు. ఆ తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక, అంటే అధికారుల ముందు బహిరంగ విచారణ.

దీనికి దారి చూపింది రాజస్థాన్‌లోని మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్. 1990లో పుట్టింది, 1994లో జన సునవాయీలు (ఊరి జనం ముందు లెక్కలు చదివే బహిరంగ విచారణలు) మొదలుపెట్టింది. సంస్థల నిధులు ముట్టకుండా మనుషులిచ్చిన చందాలతో నడిచింది. కార్యకర్తలు తీసుకున్నది కనీస కూలి. వాళ్లు పోరాడిన సమాచార హక్కు చట్టం వచ్చేసరికి 2005. అంటే ఏడాది గ్రాంటుతో అయ్యే పని కాదు ఇది. కలెక్టర్ బదిలీ అయితే మళ్లీ మొదటికి వస్తుంది. అప్పటికి గ్రాంటు అయిపోయి, ఊరూరా నమ్మకం సంపాదించిన కుర్రాళ్లు వేరే ఉద్యోగం చూసుకుంటారు. కనీసం ఐదేళ్లకు మాట ఇవ్వగలిగితేనే ఇవ్వండి.

ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తనిఖీలకు 2009లో విడిగా సొసైటీ పెట్టి, పథకం ఖర్చులో అర శాతం దానికి కేటాయించారు. నా దృష్టిలో అసలు గెలుపు ఆ అర శాతమే. లెక్క అడిగేవాడి జీతం లెక్క చెప్పాల్సినవాడి చేతిలో ఉండకూడదు.

ఇక డబ్బు పంపే దారి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు విదేశంలో ఉన్నా, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు సంస్థకు ఇచ్చి ఉంచండి. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ వర్తిస్తుంది.

ఆ చట్టానికి 2020లో చేసిన సవరణతో ఇక్కడే చిక్కు వచ్చింది. పెద్ద సంస్థ విదేశీ డబ్బు తీసుకుని పల్లెల్లోని చిన్న సంఘాలకు పంచడం కుదరదు. విదేశీ డబ్బులో పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. బడి టీచర్ జీతం, ఆసుపత్రి డాక్టర్ జీతం ఆ 20లోకి రావు. వకీలు ఫీజు, ఆఫీసు అద్దె, బండి ఖర్చు, నివేదిక రాసిన ఖర్చు మాత్రం వస్తాయి. హక్కుల కోసం పనిచేసే సంస్థకు అసలు పని అవే కదా! అందుకే అద్దెకూ వకీలుకూ స్వదేశీ డబ్బు వాడుకునేలా బడ్జెట్ వేయమనండి.

భారత పౌరులుగా ఇచ్చేవాళ్లు విరాళం ఉత్తరంలో ఏదో ఒక ప్రాజెక్టు పేరు రాయకండి. 'సంస్థ సాధారణ ఖర్చులకు' అని రాస్తే, ఫిబ్రవరిలో ప్రజావేదిక వాయిదా పడినా ఏప్రిల్‌లో జీతాలు ఆగవు.