ఖాళీగా ఉన్న 2003

శనివారం, రాత్రి పదిన్నర

పొద్దున తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసింది. మనవరాలి మోకాలు ఎలా ఉందని అడిగి, చివర్లో గొంతు తగ్గించి, "అయితే పిల్లకి ఏడాది పోయినట్టేనా?" అంది. నాకేం చెప్పాలో తోచలేదు. మా ఇళ్లల్లో ఏడాది పోవడమంటే చిన్న మాట కాదు. అన్నయ్య ఇంటర్ అయ్యాక లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరితే, నాన్న నెల రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

జూలైలో ఫుట్‌బాల్ ఆడుతుండగా మా అమ్మాయి మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ అయింది. ఈ హైస్కూల్ సీజన్ మొత్తం బెంచీ మీదే. ఆ మాట తను నాకన్నా ముందే ఒప్పుకుంది. నేనే ఒప్పుకోలేకపోతున్నాను.

మధ్యాహ్నం తనే అడిగింది, యూనివర్సిటీ ఆఫ్ పోర్ట్‌లాండ్ అమ్మాయిల మ్యాచ్‌కి తీసుకెళ్లమని. హిల్స్‌బరో నుంచి దారి పొడుగునా వాన. యూనివర్సిటీ మైదానం మెర్లో ఫీల్డ్‌లో తడిసిన బెంచీల మీద కవర్లు పరుచుకుని కూర్చున్నాం. కాలేజీ పిల్లలు డ్రమ్ములు వాయిస్తుంటే కింద చెక్క అదురుతోంది. మా అమ్మాయి బంతిని చూడటం లేదు. ఆడేవాళ్లు గబుక్కున ఆగి పక్కకి తిరిగిన ప్రతిసారీ వాళ్ల మోకాళ్లనే చూస్తోంది.

క్రిస్టీన్ సింక్లెయిర్ ఈ మైదానంలోనే ఆడింది. కెనడాలోని బర్నబీ నుంచి వచ్చిన పిల్ల. 16 ఏళ్లకే దేశం తరఫున ఆడి, 2001లో ఇక్కడ చేరి, మొదటి సీజన్‌లో 23 గోల్స్ కొట్టింది. మరుసటి ఏడాది 26. ఆ 2002 కాలేజీల జాతీయ ఫైనల్ శాంటా క్లారా యూనివర్సిటీ మీద. 2-1తో గెలిస్తే, ఆ రెండు గోల్సూ ఆమెవే. రెండోది అదనపు సమయంలో పడింది, దాంతో మ్యాచ్ అక్కడికక్కడే ముగిసింది. ఈ యూనివర్సిటీకి అదే మొదటి జాతీయ టైటిల్. కోచ్ క్లైవ్ చార్లెస్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నాడు. 2003 ఆగస్టులో పోయాడు, 51 ఏళ్లకే.

ఆమె కాలేజీ లెక్కల్లో 2003 ఖాళీగా ఉంటుంది. ఆ ఏడాది ప్రపంచకప్‌లో కెనడాకి ఆడటం కోసం కాలేజీ సీజన్ మొత్తం వదిలేసుకుంది. అప్పటి ఇక్కడి కాలేజీ నియమం ప్రకారం ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడొచ్చు. ఒక సీజన్ పూర్తిగా బయట కూర్చుంటే అది లెక్కలోకి వచ్చేది కాదు, రెడ్‌షర్ట్ అంటారు. ఆ ప్రపంచకప్ సెమీఫైనల్ ఇదే ఊళ్లో, నదికి అవతల ఉన్న స్టేడియంలో జరిగింది. స్వీడన్ మీద కెనడా 1-2తో ఓడింది. తన జట్టు ఇక్కడ తను లేకుండా సీజన్ ఆడుతోంది. చేరదీసిన కోచ్ పోయి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. 20 ఏళ్ల పిల్ల అదంతా ఎలా మోసిందో అని నాకు ఇవాళ చాలాసేపు అనిపించింది.

తిరిగొచ్చింది. 2004లో 22 గోల్స్, అమెరికాలోనే మేటి కాలేజీ ఫుట్‌బాల్ క్రీడాకారిణికిచ్చే హర్మన్ ట్రోఫీ. 2005లో 39. ఒక్క సీజన్‌లో అన్ని గోల్స్ అమ్మాయిల అగ్రశ్రేణి కాలేజీ ఫుట్‌బాల్‌లో రికార్డు. ఆ ఏడాది జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, ఫైనల్లో లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీ యూసీఎల్‌ఏని 4-0తో కొట్టింది. హర్మన్ ట్రోఫీ మళ్లీ ఆమెకే. మొత్తం 110 గోల్స్, చేతిలో లైఫ్ సైన్సెస్ డిగ్రీ. మొత్తమ్మీద కెనడాకి కొట్టిన 190 గోల్స్ సంగతి అందరికీ తెలిసిందే. మగవాళ్లలోనూ ఎవరూ అంత దూరం రాలేదు. నాకు మాత్రం ఆ 39 ఇంకా గొప్పగా అనిపిస్తుంది, ఖాళీ ఏడాది తర్వాత వచ్చింది కాబట్టి.

తిరిగొస్తుంటే కార్లో ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. "ఆమెకి దెబ్బ తగల్లేదు కదమ్మా, తనే వదులుకుంది," అంది. నిజమే. ఆ తేడా నేను మరిచిపోకూడదు. దాని నొప్పిని ఇంకొకరి కథతో కప్పెట్టాలని చూశానేమో అనిపించి కాసేపు మాట్లాడలేకపోయాను. ఇంకో రెండు సిగ్నళ్లు దాటాక తనే, "2003లో వాళ్ల మ్యాచ్‌లు చూడ్డానికి వచ్చి ఉంటుందా?" అని అడిగింది.

ఇంటికొచ్చాక ఎప్పటిలాగే వ్యాయామం చేయించాను. మంచం మీద కాలు చాపి, మోకాలిని కిందికి అదిమి, తొడ కండ బిగబట్టి పది లెక్కపెట్టాలి. ఆగస్టులో మోకాలికీ పరుపుకీ మధ్య నా నాలుగు వేళ్లు పట్టేంత సందు ఉండేది. నొప్పికి పెదవి కొరుక్కునేది, మూడు దాటేసరికి వదిలేసేది. ఇవాళ పది దాకా నిలబెట్టింది. నా చిటికెన వేలు పెట్టి చూశాను, దూరలేదు.