గోసాయికుండం దారిలో సున్‌పాతి

మన జంధ్యాల పౌర్ణమి నేపాల్‌లో జనై పూర్ణిమ. ఆ రోజు అక్కడి హిమాలయ సరస్సు గోసాయికుండంలో మునగాలని కింద ఉన్న ధున్చే ఊరి నుంచి ఎక్కే యాత్రికుల్లో చాలామంది దారిలోని లౌరీబినా మజిలీ దాటేసరికి తలనొప్పితో తల పట్టుకుంటారు. తప్పంతా దారి పక్కన ఘుమఘుమలాడే సున్‌పాతి ఆకు మీదికి నెట్టేస్తారు.

సున్‌పాతి కూడా రోడోడెండ్రాన్ అనే పూల మొక్కల జాతిదే. కింది అడవిలో చెట్టంత ఎదిగి ఎర్రగా పూసే లాలీగురాస్‌కు చుట్టం, ఇక్కడ మాత్రం మోకాలెత్తు పొద. చందన్‌బారి (3,330 మీ.) పైన చెట్లు పలచబడ్డాక కనిపిస్తుంది. లౌరీబినా (3,900 మీ.) దగ్గర వాలంతా అదే. పొట్టిగా ఉండబట్టే చలికాలమంతా మంచు దుప్పటి కింద గాలికోత తప్పించుకుంటుంది. మే, జూన్ నెలల్లో తెలుపో, లేత పసుపో, గులాబీ ఛాయో ఉన్న చిన్న గుత్తులు పూస్తుంది. శ్రావణంలో వెళ్లిన మాకు మిగిలింది ఆకే. సుమారు 3 సెం.మీ. ఆకు, తిరగేస్తే అడుగున తుప్పురంగు పొలుసులు. నలిపితే కర్పూరం, మరువం కలిసినట్టు ఘాటు.

ఘాటు నిజమే, కానీ అసలు దోషి ఎత్తు. కుండం 4,380 మీటర్ల మీద ఉంది. అక్కడ ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో దొరికేదాంట్లో దాదాపు 60 శాతమే. పొద దట్టమయ్యేదీ, గాలి పలచబడేదీ ఒకే చోట కావడంతో నింద మొక్కకు పడింది. చందన్‌బారి నుంచి ఒక్కరోజులో 1,050 మీటర్లు ఎక్కేయడమే అందరూ చేసే తప్పు. చందన్‌బారిలో రెండు రాత్రులు, లౌరీబినాలో ఒక రాత్రి పడుకుని వెళ్లడం మేలు. తలనొప్పికి వాంతి తోడైతే ఇంకో అడుగు పైకి వద్దు. నడక తూలినా, మాట తడబడినా రాత్రయినా సరే తోడు పెట్టి కిందికి దించాలి. తెల్లారాక చూద్దామంటే ప్రాణం మీదికొస్తుంది.

ఇది లాంగ్‌టాంగ్ జాతీయ పార్కు, ఆకు తుంచకూడదు. ధూపం వేసుకోవాలంటే కాఠ్మాండూ మూలికల దుకాణాల్లో ఎండుది కొనుక్కోవచ్చు. సాంబ్రాణిలాగే కణకణలాడే నిప్పుల మీద చిటికెడు చల్లాలి. మంటలో వేస్తే భగ్గుమని మాడు కంపే మిగులుతుంది.