స్నానాల గదిలో ఎపిక్టెటస్

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో బానిసగా బతికి, తరువాత విముక్తుడై, గ్రీసులోని నికోపోలిస్‌లో పాఠశాల నడిపిన తత్వవేత్త ఎపిక్టెటస్ స్వయంగా ఏమీ రాసిపెట్టలేదు. ఆయన బోధలు మనకు దక్కింది శిష్యుడైన ఏరియన్ వల్ల. వాటి సంక్షిప్త సంకలనంలోని నాలుగో భాగం చదివి ఆశ్చర్యపోయాను, ఎందుకంటే అందులో ఉన్నది ఆత్మ గురించో విశ్వం గురించో కాదు, ఊరి స్నానశాల గురించి. స్నానానికి బయలుదేరే ముందే అక్కడ నీళ్లు చిమ్మేవారు, తోసుకునేవారు, తిట్టేవారు, దొంగిలించేవారు ఉంటారని గుర్తు చేసుకొమ్మని, ఒంటితో పాటు మనసును కూడా చూసుకొమ్మని ఆయన చెబుతాడు.

పొద్దున్నే హాస్టల్ స్నానాల గదుల ముందు బకెట్లు వరుసలో పెట్టి నిలబడే మాకు ఇంతకంటే దగ్గరి తత్వశాస్త్రం ఎక్కడ దొరుకుతుంది? (మా దగ్గర దొంగతనం సబ్బులకూ మగ్గులకూ పరిమితం.) తలకు షాంపూ పట్టించాక కుళాయి ఆగిపోతే, ట్యాంకులో నీళ్లు నా అధీనంలో లేవనీ, లోపలి నుంచి అరవడమా మానడమా అన్నది మాత్రం నా చేతిలోనే ఉందనీ ఇప్పుడు గుర్తుకొస్తోంది. అయితే దీన్ని ఉత్త సహనపాఠంగా చదివే మిత్రులతో నేను ఏకీభవించను. మోటారు బాగుచేయించమని అర్జీ రాయడం కూడా మన చేతిలోని పనే కదా. దాని మీద ఇప్పటికే మా అంతస్తు వాళ్లందరం సంతకాలు చేశాం.