చందాలతో వీధి బాగుపడదు

సిటీ సెంటర్లో ఏ బజారు చూసినా పొద్దున్నే ఎవరి షట్టర్ ముందు వాళ్ళు ఊడ్చుకుంటారు, ఆ చెత్త కాస్తా పక్క షాపు ముందుకు చేరుతుంది. వీధి కళకళలాడితేనే బేరాలని తెలియని వ్యాపారి ఉండడు. అయినా అందరూ కలిసి ఏదైనా చేద్దామంటే చందాల దగ్గరే ఆగిపోతుంది. మొదట్లో అందరూ ఉత్సాహంగా ఇస్తారు, లైట్లు పెడతారు, కుండీలు పెడతారు, తర్వాత ఒక్కొక్కరూ జారుకుంటారు, ఎందుకంటే డబ్బు కట్టకపోయినా ఆ లైటు వాళ్ళ గుమ్మం ముందు కూడా వెలుగుతుంది కదా. కడుతున్నవాళ్ళకి అది చూస్తే ఒళ్ళు మండుతుంది, వాళ్ళూ మానేస్తారు.

ఈ చిక్కు కెనడాలోని టొరంటో నగరంలో బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే బజారు వ్యాపారులకీ వచ్చింది. 1960ల్లో రోడ్డు మీద తిరిగే ట్రాముల బదులు భూగర్భ రైలు వచ్చింది, షాపింగ్ మాల్స్ వచ్చాయి, వీధిలో జనం పలచబడ్డారు. వాళ్ళు చట్టం తెప్పించుకుని 1970లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. ఫలానా హద్దులో ఉన్న వ్యాపారాలన్నీ రుసుము కట్టి తీరాలి, వసూలు నగరపాలక సంస్థది, ఎక్కడ ఖర్చు పెట్టాలో చెప్పేది వ్యాపారులే. అమెరికా, బ్రిటన్‌లతో సహా చాలా దేశాలు ఇదే దారి పట్టాయి. ఇంగ్లండ్ చట్టంలో నాకు బాగా నచ్చింది, ఈ రుసుము పెట్టాలా వద్దా అని ముందు వేయించే ఓటింగ్. ఓటేసినవాళ్ళలో ఎక్కువమంది ఒప్పుకోవాలి, ఓటేసినవాళ్ళ ఆస్తులకి పన్ను కోసం కట్టిన విలువ లెక్కన చూసినా ఒప్పుకున్నవాళ్ళదే మెజారిటీ కావాలి. అంటే నాలుగు పెద్ద షాపులు కలిసి చిన్నవాళ్ళ మీద రుద్దలేవు, చిన్నవాళ్ళంతా కలిసి పెద్దవాళ్ళ మీదా రుద్దలేరు. ఆ రుసుము గరిష్ఠంగా అయిదేళ్ళు, ఆపైన మళ్ళీ ఓటు.

డబ్బు చేతికొచ్చాక అందరి కళ్ళూ డెకరేషన్ మీదే పడతాయి. నేనైతే ముందు చెత్త బండ్ల సంగతి చూడమంటాను. ఒక్కో షాపుకి ఒక్కో కాంట్రాక్టరు ఉంటే ఒకే సందులోకి ఒకదాని వెనక ఒకటి బండ్లు వస్తాయి, హారన్లు, ఫుట్‌పాత్ మీద కారే మురుగు, నడిచేవాళ్ళు రోడ్డు మీదకి దిగాల్సి రావడం. వీధి మొత్తానికి ఒకే కాంట్రాక్టు ఇచ్చి, షాపులు తెరవకముందే వచ్చి పొమ్మంటే ఖర్చూ తగ్గుతుంది, దారీ ఖాళీ అవుతుంది. ఫుట్‌పాత్ మీద విరిగిన రాతి పలక మార్చడం, వీల్‌చైర్ ఎక్కే వాలు కట్టడం కూడా ఇలాంటివే, ఫొటోల్లో పడవు గానీ రోజూ పనికొస్తాయి.

ఒక విషయంలో మాత్రం నాకు భయం ఉంది. ఓటు వ్యాపార పన్ను కట్టేవాళ్ళది. మేడ మీద కాపురముండేవాళ్ళకి లేదు, తోపుడు బండి పెట్టుకునేవాళ్ళకి లేదు. వీధి అందంగా తయారయ్యాక అద్దెలు పెరిగితే ముందు ఖాళీ చేసేది చిన్న కొట్టువాళ్ళే, బెంచీ మీద కాసేపు కూర్చున్న పేదవాణ్ణి లేపేది మన డబ్బుతో పెట్టిన సెక్యూరిటీయే. అందుకే ఈ డబ్బు ఖర్చు చూసే బోర్డులో వీళ్ళకి కూడా చోటు ఇస్తామని, లెక్కలు ఏటా బయటపెడతామని ఓటింగ్‌కి ముందే రాయించుకోవాలి. ఓట్లు పడ్డాక అడిగితే వినే అవసరం ఎవరికీ ఉండదు.